షిఫ్ట్ బస్సులో నన్ను అడిగే ప్రశ్నలు

ప్రశ్న: ముందు నువ్వెవరు? ఇవన్నీ చెప్పడానికి నీకేం తెలుసు?

మాది నల్గొండ జిల్లా, మర్రిగూడ వైపు ఒక ఊరు. వయసు 26. బీఎస్సీ కెమిస్ట్రీలో రెండు సబ్జెక్టులు తన్ని, మళ్ళీ రాసి పాసయ్యి, నాలుగేళ్ళుగా చౌటుప్పల్ దగ్గర ఒక మందుల కంపెనీలో పని చేస్తున్నాను. డాక్టర్ని కాదు, వకీలునీ కాదు. బస్సులో నా పక్క సీట్లో కూర్చున్న ప్రతి ఒక్కరూ, ఊరికి పోతే మా చిన్నాయన, చిన్నాయన తరఫున ఆయన దోస్తులు, అందరూ అవే ప్రశ్నలు అడుగుతుంటే చెప్పి చెప్పి విసుగొచ్చి ఒకసారి రాసి పెడుతున్నాను. ఇక మీదట అడిగితే ఇది పంపిస్తా. నా అభిప్రాయాలు నావే, నచ్చకపోతే బస్సులో కొట్లాడుకుందాం, నైట్ షిఫ్ట్ దిగినప్పుడు మాత్రం వద్దు.

ప్రశ్న: అకౌంట్లో పైసలు పోయాయి. మొదట ఎవరికి చెప్పాలి?

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. అన్నకు, బావకు, సర్పంచికి తర్వాత చెప్పుకోవచ్చు. దొంగ ఆ పైసలను ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కు, అక్కడి నుంచి మరో నాలుగింటికి గంటల్లో తిప్పేస్తాడు, నువ్వు ఎంత తొందరగా చెప్తే మధ్యలో ఎక్కడో ఒక దగ్గర ఆపడానికి అంత వీలుంటుంది. మా లైన్లో ఒకాయనకు 18 వేలు పోతే ఇంట్లో తిడతారని రెండు రోజులు చెప్పలేదు. మూడో రోజు చెప్పాడు. ఇంట్లో తిట్లు పడనే పడ్డాయి, పైసలూ రాలేదు. ఫిర్యాదు నంబర్ రాసి పెట్టుకోండి, బ్యాంకుకు కూడా వెంటనే చెప్పండి.

ప్రశ్న: పైసలు రావాలంటే పిన్ కొట్టమంటున్నాడు?

పిన్ కొడితే పోవడమే. రావడానికి పిన్ అక్కర్లేదు.

ప్రశ్న: వాట్సాప్‌లో చలాన్ అని ఫైల్ వచ్చింది, తెరవాలా?

పేరు చివర ఏపీకే (.apk) అని ఉంటే తెరవొద్దు. అది కాగితం కాదు, యాప్. ఒకసారి ఎక్కించుకుని అడిగిన పర్మిషన్లన్నీ ఇచ్చావంటే నీ మెసేజ్‌లు వాడు చదువుతాడు, ఓటీపీలతో సహా. పెళ్ళి పత్రిక అని వస్తుంది, కిసాన్ పైసలు అని వస్తుంది, కరెంటు బిల్లు అని వస్తుంది. పంపింది మీ మేనమామ అయినా సరే, ఆయన ఫోన్ అప్పటికే వాడి చేతిలో ఉండి ఉండొచ్చు. ఇక వీడియో కాల్‌లో పోలీసు డ్రెస్సు వేసుకుని ‘డిజిటల్ అరెస్ట్’ అంటాడే, అట్లాంటి అరెస్ట్ మన చట్టంలో ఎక్కడా లేదు. కాల్ కట్ చెయ్యి. పోలీసుకు నీతో పనుంటే ఊరు, ఇల్లు కనుక్కుని వస్తాడు, మనవాళ్ళకు ఆ అనుభవం లేనిదేం కాదు.

ప్రశ్న: రమ్మీ, బెట్టింగ్ యాప్‌లలో మా దోస్తుకు వచ్చాయి, నాకెందుకు రావు?

తెలంగాణలో పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ 2017 నుంచే నిషేధం, 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. అయినా ఐపీఎల్ వచ్చిందంటే మా బస్సులో సగం మంది తలలు కిందికి వంగి ఉంటాయి. దోస్తు గెలిచిన రోజు స్టేటస్ పెడతాడు. ఓడిన ముప్పై రోజులు పెట్టడు. నేను కూడా 2022లో ఆడాను, మొత్తం లెక్క వేస్తే ఒకటిన్నర నెల జీతం, ఇంట్లో ఇప్పటికీ తెలియదు (ఇది చదివితే తెలుస్తుంది, సరే). ఆ గుంత పూడ్చడానికి లోన్ యాప్‌లో తీసుకోవడం అంతకంటే పెద్ద గుంత. కాంటాక్టులు, ఫొటోలు అడిగే లోన్ యాప్ అప్పు ఇవ్వడానికి రాలేదు, రేపు నీ పరువు తీసి వసూలు చేసుకోవడానికి ఇప్పుడే సామాను సర్దుకుంటోంది. 2020 చివర్లో మన రాష్ట్రంలో ఆ వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు.

ప్రశ్న: ఏఐ వచ్చింది కదా, మన పని పోతుందా?

డ్రమ్ము జరపడానికి, రియాక్టర్ కడగడానికి ఏఐ ఇంకా రాలేదు, వచ్చినా ఆ వాసనకు పారిపోతుంది. నిజంగా మాట్లాడితే, రిపోర్టులు టైప్ చేసే పిల్లలకు భయం ఉంది, ఆ భయం తప్పు అనను. నాకు మాత్రం అది పనికొచ్చింది. పే స్లిప్‌లో, పీఎఫ్ ఉత్తరాల్లో ఉండే ఇంగ్లిష్‌ను తెలుగులో చెప్పించుకుంటా. ఏ కెమికల్ మీద పడితే ఎన్ని నిమిషాలు కడగాలో రాసి ఉండే సేఫ్టీ షీట్ ఎప్పుడూ ఇంగ్లిష్‌లోనే గోడకు అతికించి ఉంటుంది. దాంట్లో మాటలు కాగితం మీద రాసుకొచ్చి (లైన్లోకి ఫోన్ రానివ్వరు, లాకర్‌లో పెట్టాలి) రూముకొచ్చి తెలుగు చేయించి, మా లైన్లో వాళ్ళకు చెప్పాను. షిఫ్ట్ ఇన్‌చార్జి ఏమన్నాడో రాయను.

ప్రశ్న: మరి చీటీ ఫొటో తీసి ఏఐని అడిగి మందులు వేసుకోవచ్చా?

వద్దు. మా అమ్మ చీటీలో డాక్టర్ గీత అర్థం కాక ఫొటో పెడితే ఎక్కడా తడబడకుండా ఒక మందు పేరు చెప్పింది. మెడికల్ షాపు అన్న చూసి నవ్వి, “తమ్మీ, ఇది బీపీ గోలి, నువ్వు చెప్పేది మూర్ఛకు” అన్నాడు. తెలియకపోతే తెలియదని చెప్పే అలవాటు దానికి తక్కువ. ఈ విషయంలో మా ఆర్‌ఎంపీకి, దానికి పెద్ద తేడా లేదు, ఆయన కనీసం సూది వేసేటప్పుడైనా ముఖం చూస్తాడు.

ప్రశ్న: జనరిక్ మందులు పనిచేస్తాయా, ఉత్త పిండేనా?

ఇది నాకు ఇష్టమైన ప్రశ్న, ఎందుకంటే దీని మీద నేను చూసి చెప్పగలను. మా దగ్గర తయారయ్యేది గోలి కాదు, గోలిలో పోసే అసలు మందు, తెల్లటి పొడి, డ్రమ్ముల్లో పోతుంది. డ్రమ్ము మీద మందు పేరు, బ్యాచ్ నంబర్, తేదీలు ఉంటాయి. మనం షాపులో అడిగే బ్రాండ్ పేరు ఉండదు. ఒకే బ్యాచ్ పొడి ఒక కంపెనీకీ పోవచ్చు, ఇంకో కంపెనీకీ పోవచ్చు. వాళ్ళు గోలి చేసి, డబ్బా మీద పేరు అచ్చు వేసి, ఆ పేరును జనానికి తెలియజేయడానికి పెట్టిన ఖర్చంతా ధరలో కలుపుతారు. జన ఔషధి షాపుల్లో బీపీ, షుగర్ మందులు తక్కువకు దొరుకుతున్నాయంటే అందులో పిండి ఉందని అనుకోవద్దు. చూడాల్సింది చీటీ మీద మందు పేరు, ఎన్ని ఎంజీ, గడువు తేదీ. ఆ మూడూ సరిపోతే మా ఇంట్లో జనరిక్కే. మార్చేటప్పుడు డాక్టర్‌కు ఒక మాట చెప్పండి, ముఖ్యంగా మూర్ఛకు, థైరాయిడ్‌కు మందు వాడేవాళ్ళు.

ఇంకొకటి, ఎవరూ అడగరు గానీ చెప్తా. జలుబుకు, మామూలు వైరల్ జ్వరానికి యాంటీబయోటిక్ పనిచేయదు. దాన్ని తయారు చేసే దగ్గర పనిచేసే మనిషినే చెప్తున్నా, ఊరికే వేసుకోకండి.

ప్రశ్న: మన ఊరి నీళ్ళు ఇప్పుడు తాగొచ్చా?

ఏ నీళ్ళు అన్నది ముందు చెప్పాలి. బోరు నీళ్ళయితే నేను తాగను. ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క, మర్రిగూడ చుట్టుపక్కల బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. రాయిలోనే ఉంది అది, ఎంత లోతుకు పోతే అంత ఎక్కువ దొరికే చోట్లున్నాయి. మా నాయనమ్మకు మోకాళ్ళు ముడుచుకుపోయి నలభై ఏళ్ళ నుంచి నడుం పూర్తిగా నిటారు కాలేదు. మా నాయన పళ్ళ మీద గోధుమ రంగు చారలు. నా పళ్ళ మీద కూడా ఉన్నాయి, కొంచెం లేత రంగు, అందుకే పెళ్ళి చూపుల ఫొటోలో నోరు మూసుకుని నవ్వాను. ఆ చారలు చిన్నప్పుడు పళ్ళు తయారయ్యేటప్పుడే పడతాయి, పెద్దయ్యాక తోమితే పోవు. ఎముకలకు పట్టింది కూడా వెనక్కి రాదు. శివన్నగూడెం అంశల స్వామి గారిని మా వైపు తెలియనివాళ్ళు లేరు, ఫ్లోరోసిస్‌తో వంకర తిరిగిన ఒంటితోనే నీళ్ళ కోసం కొట్లాడి 2023 జనవరిలో చనిపోయారు.

మా పెద్దవాళ్ళు ఊరికే కూర్చోలేదు కూడా. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నీళ్ళ కోసం నల్గొండ సీటుకు 480 మంది పోటీలో నిలబడ్డారు, బ్యాలెట్ కాగితం కాస్తా పుస్తకం అయింది. దేశమంతా అప్పుడు చూసింది. చూసిన తర్వాత నీళ్ళు రావడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పైనే పట్టింది. నా లెక్క ఎట్లా ఉంటుందంటే, మా ఊళ్ళో 2016లో జియో సిమ్ వచ్చింది, మిషన్ భగీరథ పథకం నల్లా దాని తర్వాత వచ్చింది. అంటే మా నాయనమ్మ మంచి నీళ్ళు తాగక ముందే నేను వీడియోలు చూశాను. టెక్నాలజీ మీద నీ అభిప్రాయం ఏంది అని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే.

నల్లాలో వచ్చేది కృష్ణా నీళ్ళు, శుద్ధి చేసి పంపిస్తారు, నేను తాగుతాను. కానీ పైపు పగిలిందనో మోటరు కాలిందనో రెండు రోజులు రాకపోతే మనవాళ్ళు మళ్ళీ బోరు దగ్గరికే పోతారు. అక్కడ రెండు తప్పులు చేస్తారు. ఒకటి, కాచి తాగితే సరిపోతుందనుకోవడం. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీళ్ళలో అది ఇంకొంచెం చిక్కబడుతుంది. రెండు, ప్లాంటు వాడు పుల్ల లాంటి మీటర్ నీళ్ళలో ముంచి టీడీఎస్ తక్కువుంది చూడు అంటే నమ్మేయడం. ఆ మీటర్ నీళ్ళలో కరిగిన ఉప్పులన్నీ కలిపి ఒక అంకె చూపిస్తుంది, ఫ్లోరైడ్ ఎంతో విడిగా చెప్పదు. ఆర్‌ఓ మిషన్ మంచి స్థితిలో ఉంటే ఫ్లోరైడ్ తగ్గుతుంది, లోపలి మెంబ్రేన్ (నీళ్ళను వడపోసే పొర) ఎప్పుడు మార్చారో మాత్రం డబ్బా మీద రాయరు. నేను మా ప్లాంటు అన్నను అడిగాను. కోపమొచ్చింది ఆయనకు.

తమాషా ఏందంటే పటిక, సున్నం కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారు చేసింది. ప్రపంచమంతా దాన్ని ‘నల్గొండ టెక్నిక్’ అంటారు. మా జిల్లా పేరు సైన్సు పుస్తకాల్లో ఉంది. నీళ్ళ పేరు మీద, అదీ చెడ్డ నీళ్ళ పేరు మీద.

ప్రశ్న: కల్లు ఆరోగ్యానికి మంచిదేనా?

చెట్టు మీద నుంచి అప్పుడే దించిన నీరా గురించి అడుగుతున్నావా, దుకాణంలో సీసా గురించా? దుకాణంలో దొరికేదంతా చెట్టు ఇచ్చిందే అయితే మన జిల్లాలో, పాలమూరులో తాటిచెట్ల కంటే మనుషులు తక్కువ ఉండాలి. కల్తీలో అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి నిద్రమందులు కలుపుతారు. అలవాటు పడ్డ మనిషి ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, పిచ్చి మాటలు, ఫిట్స్ కూడా వస్తాయి. మా మేనమామ దుకాణం మూసిన వారంలో అట్లాగే అయ్యాడు. ఇంట్లో గాలి సోకిందని తాయెత్తు కట్టారు, మూడో రోజు సర్కారు దవాఖానకు తీసుకుపోతే డాక్టర్ మొదటి ప్రశ్నే “కల్లు ఎన్నాళ్ళ నుంచి తాగుతున్నాడు?” మానేయాల్సిందే, డాక్టర్ చూస్తుండగా మెల్లగా మానాలి.

ప్రశ్న: కుక్క కరిచింది, చిన్న గీతే. సూదులు కావాలా?

కావాలి. గీత చిన్నదైనా సరే. సబ్బుతో, పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడుగు, పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టకు, దవాఖానకు పో. రేబిస్ ఒకసారి లక్షణాలు బయటపడ్డాక మందు లేదు. సూదులు అన్ని తేదీలకూ వేయించుకోవాలి, రెండోదాని తర్వాత డ్యూటీ ఉందని ఆపేసినవాళ్ళు మా బస్సులోనే ఇద్దరున్నారు.

ప్రశ్న: పాము?

కోయకు, నోటితో పీల్చకు, తాడుతో గట్టిగా బిగించకు, మంత్రం దగ్గర ఆగకు. కాలు కదపకుండా 108లో దవాఖానకు. కట్లపాము కాటు కొన్నిసార్లు గాటు కూడా కనబడదు, నొప్పీ ఉండదు, కింద పడుకున్నవాళ్ళకు రాత్రి పూట కరుస్తుంది. పత్తి చేన్లకు కావలి పోయేవాళ్ళు మంచం మీద పడుకోండి.

ప్రశ్న: జీతంలో ఈఎస్ఐ, పీఎఫ్ అని కోస్తున్నారు. అవి మనకు దండగ కాదా?

దండగ కాదు, కట్టారా లేదా అన్నదే అసలు సంగతి. నెలకు 21 వేల లోపు జీతమైతే ఈఎస్ఐ. మన జీతం నుంచి నూటికి ముప్పావు రూపాయి, కంపెనీ వైపు నుంచి మూడుంబావు. 16 వేల జీతానికి మన కటింగ్ 120 రూపాయలు. దీనికి మనకూ, మన మీద ఆధారపడ్డ ఇంట్లోవాళ్ళకూ వైద్యం, జబ్బు చేసి సెలవు పెడితే రోజుకు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా. రశీదు లేకుండా పక్క వీధి డాక్టర్‌కు 500 ఇచ్చి వచ్చే మనుషులు ఈ 120కి ఏడుస్తుంటే నాకు మండుతుంది. దవాఖానలో లైన్ పెద్దది, నిజమే, ఒక పూట పోతుంది.

పీఎఫ్ బేసిక్ మీద నూటికి 12 రూపాయలు. మొదట్లో నేను కాంట్రాక్టర్ కింద ఉన్నాను, పేరు రాయను. పది నెలలు పే స్లిప్‌లో కటింగ్ కనబడింది. ఒక రోజు తీరిక దొరికి ఫోన్‌లో పాస్‌బుక్ తెరిస్తే ఆరు నెలలే పడ్డాయి. నాలుగు నెలల కటింగ్ ఎక్కడికి పోయింది? అడిగితే ‘సిస్టమ్ ప్రాబ్లం’. మేము పదకొండు మందిమి కలిసి, స్లిప్‌లన్నీ ఒక కవర్లో పెట్టుకుని పోయి కూర్చుంటే రెండు వారాల్లో సిస్టమ్ బాగైంది. ఒక్కడినే పోయి ఉంటే నేనే బాగయ్యేవాణ్ణి. కాబట్టి యూఏఎన్, అంటే మనిషికి ఒకటే ఉండే పీఎఫ్ నంబర్, అడిగి తీసుకోండి, మూడు నెలలకోసారి పాస్‌బుక్ చూడండి. కంపెనీ మారితే కొత్త నంబర్ తీసుకోవద్దు, పాతదే ఇవ్వండి, పదేళ్ళ సర్వీసు నిండితేనే పెన్షన్. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి, అందరికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలని అందులో ఉంది. మీ చేతికి వచ్చిందా? మా లైన్లో ఇద్దరికి రాలేదు, అడుగుతున్నాం.

ప్రశ్న: బీహారోళ్ళు, ఒడిశావోళ్ళు వచ్చి మన పనులు లాక్కుంటున్నారు కదా?

ఈ మాట పాలమూరు నుంచి వచ్చినవాళ్ళ నోట వింటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. దేశంలో ఎక్కడ కాలువ తవ్వినా, ఆనకట్ట కట్టినా పాలమూరు లేబర్ అని పేరు. బొంబాయి బస్సు ఎక్కి, పిల్లలను ముసలివాళ్ళ దగ్గర వదిలి పోయినవాళ్ళు లేని తండా ఉందా? అక్కడ వాళ్ళను కూడా ఇట్లాగే అని ఉంటారు.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. దాదాపు 44 కిలోమీటర్ల ఆ సొరంగం ఎవరి కోసం? శ్రీశైలం నీళ్ళు నల్గొండకు తేవడానికి, మా ఫ్లోరైడ్ ఊళ్ళకు. లోపల ఉన్నది జార్ఖండ్, యూపీ, పంజాబ్, జమ్మూకశ్మీర్ మనుషులు. వారాల పాటు వెతికి రెండు శవాలు బయటికి తీశారు. ఆ నెలలో మా క్యాంటీన్లో జార్ఖండ్ పిల్లగాడు ఒకడు రోజూ నా ఫోన్‌లో వార్తలు అడిగేవాడు. నాకు వచ్చిన హిందీతో చెప్పేవాణ్ణి. అదే ఏడాది జూన్ 30న పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీ పేలుడులో 50 మందికి పైగా పోయారు, వాళ్ళలో కూడా ఎక్కువమంది బయటి రాష్ట్రాల వాళ్ళే. మన పని లాక్కున్నారంటే ఈ పనులు కూడా లెక్కలో రాయాలి. జీతం తక్కువకు వాళ్ళను పెట్టుకుని మనల్ని బెదిరిస్తున్నారన్నది నిజం, ఆ కోపం కాంట్రాక్టర్ మీద చూపించు.

ప్రశ్న: ఆడవాళ్ళకు ఫ్రీ బస్సు మంచిదా చెడ్డదా?

మా అక్క మర్రిగూడ నుంచి నల్గొండ బట్టల షాపుకు పోయి వస్తుంది, 2023 డిసెంబర్ 9 తర్వాత ఆమెకు మిగిలిన బస్సు ఛార్జీలతో చీటీ వేసి ఎత్తుకుంది. నాకు సీటు దొరకడం లేదు. ఆటో నడిపే మా బావకు గిరాకీ పడిపోయింది, ఆయన ముందు ఈ ముచ్చట తీయము. ఒకే ఇంట్లో మూడు జవాబులున్నాయి, ఓటు అడిగితే నేను అక్క వైపు.

ప్రశ్న: నువ్వు ఏ పార్టీ?

మాది మునుగోడు నియోజకవర్గం. 2022 నవంబర్ 3న ఉప ఎన్నికప్పుడు నెల రోజులు కొన్ని ఇళ్ళల్లో పొయ్యి వెలిగించలేదు, తులం బంగారం ఇస్తారని కూడా పుకారు లేచింది, 93 శాతం ఓట్లు పడ్డాయి. ఆ నెలలో రోడ్డు మీద చూసినన్ని కార్లు మళ్ళీ చూడలేదు. ఏ పార్టీ అని అడిగినవాళ్ళకు అప్పటి నుంచి నేను టీ తాగిస్తాను, జవాబు చెప్పను.

ప్రశ్న: నైట్ షిఫ్ట్ చేసి బండి మీద ఇంటికి రావచ్చా?

నేను వచ్చాను, చిట్యాల దాటాక ఒక రెప్పపాటు కన్ను మూసుకుంది, డివైడర్‌కు రాసుకుంటూ పోయి పడ్డాను. హెల్మెట్ పగిలింది, తల పగలలేదు. అప్పటి నుంచి కంపెనీ బస్సే, లేదంటే రూములో నాలుగు గంటలు పడుకున్నాకే బండి తీస్తా. కిటికీకి నల్ల దుప్పటి కట్టుకోండి, షిఫ్ట్ చివరి మూడు గంటల్లో టీ మానేయండి.

ప్రశ్న: ఏ ఫోన్ కొనాలి?

పాతది పగిలిందా? లేదు కదా.

ప్రశ్న (మా అమ్మ, ప్రతి శనివారం): ఊరికి ఎప్పుడు వస్తున్నావు?

సి షిఫ్ట్ దిగి, పడుకుని, ఆదివారం పది దాటాక బయలుదేరతా. నల్లా రాకపోతే శనివారం రాత్రే చెప్పు అమ్మా, రెండు డబ్బాల నీళ్ళు ఇక్కడి నుంచే బండికి కట్టుకొస్తా, బోరు దగ్గరికి పోవద్దు.